పాతిక వేలదా, నలభై వేలదా? ప్రొద్దుటూరు అంగట్లో ల్యాప్‌టాప్ లెక్క

ప్రొద్దుటూరులో బంగారం కొనేవాళ్లు మెరుపు చూసి మోసపోరు. హాల్‌మార్క్ ఉందా అని చూస్తారు, తరుగెంత, మజూరీ ఎంత అని అడుగుతారు, రాళ్ల బరువు తీసేసి తూకం వేయమంటారు. నగ మీది ఆరక్షరాల గుర్తింపు కోడ్ హెచ్‌యూఐడీని ఫోన్లో కొట్టి సరిచూసుకునేవాళ్లూ ఉన్నారు. అదే ఇంటాయన బిడ్డ ఇంజనీరింగ్‌లో చేరిందని ల్యాప్‌టాప్ కొనడానికి పోతే మాత్రం అడిగేవి మూడే: ఏ కంపెనీ, ఎంత, బ్యాగు ఇస్తారా? నలభై వేల రూపాయలు చిన్న మొత్తం కాదు. పులివెందుల పక్క చీనీ తోట మీదో, జమ్మలమడుగు పక్క శనగ పంట మీదో బతికే ఇంట్లో ఆ దుడ్డు ఒక్కోసారి ఏడాది మిగులు. అంత డబ్బు పెట్టే చోట బంగారానికి పెట్టినంత శ్రద్ధ ల్యాప్‌టాప్‌కూ పెట్టాలన్నదే నా వాదన.

అంగట్లో బల్ల మీద పక్కపక్కనే ఉండే రెండు రకాలను తీసుకుందాం. ఒకటి 20 నుంచి 25 వేల మధ్య దొరికేది. ఇంటెల్ సెలరాన్ ఎన్4500 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ (మరికొంచెం పెడితే 8), 64 లేదా 128 జీబీ ఈఎమ్ఎమ్‌సీ నిల్వ. రెండోది 35 నుంచి 45 వేలది. ఇంటెల్ కోర్ ఐ3 1215యూ గానీ, ఏఎమ్‌డీ రైజెన్ 5 గానీ, 8 లేదా 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎన్‌వీఎమ్ఈ ఎస్ఎస్‌డీ. ఈ ధరలు గత రెండు మూడేళ్లలో మామూలుగా నడిచినవి. 2025 చివరి నుంచి ప్రపంచమంతా మెమరీ చిప్పుల ధరలు పెరిగాయి కాబట్టి మీరు అడిగే రోజుకు రెండూ ఇంకాస్త పైన ఉండొచ్చు. లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు.

పైకి చూస్తే రెండింటికీ తేడా తెలియదు. అదే వెండి రంగు ప్లాస్టిక్ ఒళ్లు, అదే 15.6 అంగుళాల తెర, అదే విండోస్ 11, అదే ఏడాది వారంటీ. అంగడి వెలుతురులో రెండూ ఒకేలా మెరుస్తాయి, ఆన్ చేయగానే రెండింట్లోనూ ఒకే నీలం పువ్వు బొమ్మ కనిపిస్తుంది. అందుకే పదిహేను వేలు మిగిల్చామని సంతోషంగా మొదటిది పట్టుకుని ఇంటికి పోయేవాళ్లు ఎక్కువ.

లోపల ఏముందో చూస్తే కథ మారిపోతుంది. ఎన్4500 2021లో వచ్చిన చిప్. రెండే కోర్లు, వాడే కరెంటు ఆరు వాట్లు. 1215యూలో ఆరు కోర్లు, అవి ఒకేసారి ఎనిమిది పనుల దారాలను నడపగలవు. అయినా సెలరాన్ ల్యాప్‌టాప్‌ను చంపేది ప్రాసెసర్ ఒక్కటే కాదు. విండోస్ 11 నడవడానికి మైక్రోసాఫ్ట్ పెట్టిన కనీస అర్హత 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ. అంటే పాతిక వేల యంత్రం పుట్టుకతోనే గడప మీద నిలబడి ఉంది, ఒక్క అడుగు వెనక్కి వేసే చోటు లేదు. క్రోమ్‌లో నాలుగు ట్యాబులు, పక్కన జూమ్ క్లాసు, ఒక పీడీఎఫ్ నోట్సు తెరవగానే ర్యామ్ నిండుతుంది. ర్యామ్ నిండితే విండోస్ ఆ మిగులు సరుకును డిస్కు మీదకు తోస్తుంది. ఆ డిస్కు ఈఎమ్ఎమ్‌సీ అయితే, దాని దారి గరిష్ఠ వేగమే సెకనుకు 400 మెగాబైట్లు. అసలు నడకలో అంత కూడా రాదు. ఓ మాదిరి ఎన్‌వీఎమ్ఈ ఎస్ఎస్‌డీ రెండు వేలు, మూడు వేలు దాటుతుంది. ఇలా ఒక లోపం రెండో లోపం మీద పడుతుంది, రెండూ కలిసి మౌస్ బాణాన్ని గిరగిరా తిరిగే చక్రంగా మారుస్తాయి. ఏడాదికోసారి పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు 64 జీబీలో దానికి చోటే ఉండదు. పిల్లలు ఫొటోలు తీసేసి, సినిమాలు తీసేసి, చివరికి నోట్సు కూడా తీసేసే పరిస్థితి వస్తుంది.

ఇంటి లెక్కలోకి దించి చూద్దాం. 24 వేల యంత్రం చిరాకు పుట్టించకుండా పనిచేసేది రెండేళ్లని నా అంచనా. అంటే నెలకు వెయ్యి. 40 వేల యంత్రాన్ని ఐదేళ్లు వాడుకోవచ్చు. నెలకు 667. తక్కువ ధరది ఎక్కువ ఖరీదు పడుతోంది. నాలుగేళ్ల బీటెక్ మధ్యలో ఇంకోటి కొనాల్సి వస్తే ఆ తేడా ఇంకా పెరుగుతుంది.

అయితే మొదటి రకానికి ఒక న్యాయమైన మాట చెప్పాలి. ఆరు వాట్ల చిప్ గనక చాలా మోడళ్లలో ఫ్యానే ఉండదు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల దోవలో నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఆ పక్క ఇళ్లలో కిటికీ గట్టు మీద పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్లీ తెల్లటి పొర. ఫ్యాన్ ఉన్న ల్యాప్‌టాప్ ఆ దుమ్మునంతా లోపలికి పీల్చుకుంటుంది. ఏడాదికి రాగి గొట్టం పక్కనున్న రెక్కల సందుల్లో అది మందంగా పేరుకుంటుంది. దానికి మన ఎండ తోడు. చాలా కంపెనీలు తమ కాగితాల్లో రాసుకునే గరిష్ఠ పరిసర ఉష్ణోగ్రత 35 డిగ్రీలు. ఏప్రిల్, మే నెలల్లో కడప జిల్లా నలభై దాటుతుంది. అంత వేడిలో 1215యూ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఫ్యాన్ లేని యంత్రానికి దుమ్ము బాధ లేదు, చప్పుడు లేదు, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. కాబట్టి కరెంటు బిల్లు కట్టుకోవడానికి, పిల్లాడి ఫలితాలు చూసుకోవడానికి, ఊళ్లో అమ్మతో వీడియోలో మాట్లాడటానికి అయితే ఆ రకం సరిపోతుంది. కానీ అక్కడ కూడా ఎన్4500 కాకుండా 2023లో వచ్చిన నాలుగు కోర్ల ఎన్100 ఉన్నది, 8 జీబీది, ఎస్ఎస్‌డీ ఉన్నది వెతకండి. ఆ మూడూ కుదిరితే నేను ఆ యంత్రాన్ని కాదనను. రెండో రకం కొన్నవాళ్లు ఏడాదికోసారి వెనక మూత విప్పించి ఫ్యాన్ శుభ్రం చేయించుకోవాలి. పరుపు మీద పెట్టి వాడొద్దు.

ఇప్పుడు నలభై వేల వరుసలోనే ఉన్న తిరకాసుకు వద్దాం. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే, ఎందుకంటే ఇక్కడ మోసపోయేది జాగ్రత్తగా డబ్బు కూడబెట్టి, మంచిదే కొనాలని వచ్చిన మనిషి. బల్ల మీద రెండు ల్యాప్‌టాప్‌లు, రెండింటి మీదా ‘రైజెన్ 5, 7000 సిరీస్’ అనే స్టిక్కర్. ఒకదాని పూర్తి పేరు 7520యూ, రెండోదాని పేరు 7530యూ. తేడా ఒకే ఒక అంకె. ఏఎమ్‌డీ అప్పట్లో పెట్టిన లెక్క ప్రకారం మొదటి అంకె ఏ ఏడాది వరుసో చెబుతుంది, రెండోది తరగతి, మూడోది లోపలి నిర్మాణం ఎన్నో తరానిదో చెబుతుంది. 7520యూలోని 2 అంటే జెన్ 2, అది 2019 నాటి నిర్మాణం. కోర్లు నాలుగు. 7530యూలోని 3 అంటే జెన్ 3, కోర్లు ఆరు, దారాలు పన్నెండు. అదొక్కటే కాదు. 7520యూ తీసుకునేది ఎల్‌పీడీడీఆర్5 ర్యామ్ మాత్రమే, అది బోర్డుకు అతికించే వస్తుంది. 8 జీబీది కొంటే చచ్చేదాకా 8 జీబీనే. 7530యూ మామూలు డీడీఆర్4 తీసుకుంటుంది కాబట్టి చాలా మోడళ్లలో ఖాళీ స్లాటు దొరుకుతుంది, రెండేళ్ల తర్వాత ఇంకో 8 జీబీ బిళ్ల వేసుకోవచ్చు. ఇంత తేడా ఉన్న రెంటికీ ఒకే ‘రైజెన్ 5’ బిరుదు ఇవ్వడం కొనేవాడికి చేసిన అన్యాయమే. ఇంటెల్ కూడా తక్కువేం తినలేదు. ఐ3 ఎన్305 అనే చిప్‌లో ఎనిమిది కోర్లు ఉన్నాయని చూసి ఆరు కోర్ల 1215యూ కన్నా గొప్పదనుకుంటాం. ఆ ఎనిమిదీ చిన్న కోర్లే, పెద్ద కోరు ఒక్కటీ లేదు, మెమరీకి దారి కూడా ఒక్కటే.

7520యూ పనికిరానిదని నేననను. కరెంటు పొదుపుగా వాడుతుంది, కాలేజీ బస్సులో ఎక్కి దిగే పిల్లకు సాయంత్రం దాకా ఛార్జింగ్ మిగులుతుంది. కానీ దానికి ఇవ్వాల్సింది దాని ధర, 7530యూ ధర కాదు.

అంగట్లో ఇది తేల్చుకోవడానికి కంప్యూటర్ చదువు అక్కర్లేదు. ప్రదర్శనకు పెట్టిన యంత్రం దగ్గర నిలబడండి. “అన్నా, ఒక్క నిమిషం దీన్ని చూసుకోవచ్చునా?” అంటే ఎవరూ కాదనరు. “చూసుకో సామీ, దాన్దేముండాది” అంటారు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పర్ఫార్మెన్స్ అనే చోటికి పోండి. సీపీయూ మీద నొక్కితే పైన కుడి పక్కన చిప్ పూర్తి పేరు, కింద కోర్ల లెక్క కనిపిస్తాయి. మెమరీ మీద నొక్కితే కింద ‘స్లాట్స్ యూజ్డ్’ అని ఉంటుంది. దాని పక్కనే ‘ఫామ్ ఫ్యాక్టర్’. అక్కడ ‘ఎస్ఓడిఐఎమ్ఎమ్’ అని ఉంటే ర్యామ్ ఊడదీసి మార్చుకునే రకం. ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే అతికించిన రకం. రెండు స్లాట్లలో ఒకటే వాడుకలో ఉందంటే మీకు రేపటికి చోటు మిగిలినట్టే. డిస్కు పక్కన ‘ఎన్‌వీఎమ్ఈ’ అన్న మాట ఉందో లేదో చూడండి. ఇదంతా రెండు నిమిషాల పని. అంగడాయన రాసి పెట్టిన అట్టముక్క కన్నా ఈ తెర మీది మాట నమ్మదగింది.

ఎవరికి ఏది అన్న ప్రశ్న వేసుకుంటే, ప్రొద్దుటూరు బట్టల అంగడి లెక్కలు చూసే మనిషి అవసరం వేరు, పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలో చదివే పిల్ల అవసరం వేరు. లెక్కల మనిషికి ట్యాలీ ప్రైమ్, ఎక్సెల్, జీఎస్టీ పోర్టల్ ఉంటే చాలు. వాటికి 8 జీబీతో ఐ3 పుష్కలం. ఆయన చూడాల్సింది ఎవరూ చెప్పని ఒక సంగతి: కీబోర్డు కుడి పక్కన అంకెల మీటల గుంపు ఉందా? రోజుకు మూడు వందల బిల్లులు కొట్టే చేతికి అది లేకపోతే నరకం. 15.6 అంగుళాల వాటిలో మామూలుగా ఉంటుంది, 14 అంగుళాల వాటిలో ఉండదు. ఇంకో సంగతి డిజిటల్ సంతకం. కంపెనీలు, ఎల్ఎల్‌పీలు జీఎస్టీ రిటర్నుకు యూఎస్‌బీ టోకెన్ గుచ్చి సంతకం పెట్టాలి. ఆ టోకెన్ సాఫ్ట్‌వేర్ విండోస్ కోసం తయారైంది. తక్కువ ధరకు వస్తోందని క్రోమ్‌బుక్ కొంటే ఆ రోజు సాయంత్రమే ఇబ్బంది మొదలవుతుంది. ధర విషయంలో వ్యాపారికి ఒక వెసులుబాటు ఉంది. ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం. 40 వేల బిల్లులో సుమారు 6,100 రూపాయలు పన్నే. అంగడి జీఎస్టీఐఎన్ మీద బిల్లు రాయించుకుంటే అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది. కాంపొజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లకు రాదు. బిడ్డకు కొనే రైతుకు అసలే రాదు.

జమ్మలమడుగులో డీటీపీ, ఆన్‌లైన్ దరఖాస్తుల అంగడి పెట్టుకునేవాళ్లు ల్యాప్‌టాప్ మాటే మర్చిపోవచ్చు. తెలుగు టైపింగ్‌కు అను స్క్రిప్టు, ప్రింటరు, స్కానరు, వేలిముద్ర యంత్రం అన్నీ ఒకే బల్ల మీద ఉండే చోట అదే డబ్బుకు డెస్క్‌టాప్ రెండింతల పని చేస్తుంది.

ఇక చదువుకునే పిల్లల సంగతి. పులివెందులలో 2006లో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. అదే నియోజకవర్గంలో ఇడుపులపాయ దగ్గర 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చింది. అక్కడ మొదటి బ్యాచ్‌ల నుంచే పది పాసై వచ్చిన పల్లె పిల్లల చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి చదువు చెప్పారు. యంత్రం పిల్లల సొంతం కావడం ఎంత మార్పు తెస్తుందో ఈ జిల్లా కళ్లారా చూసింది. దాని పక్కన ఇంకో అనుభవం పెట్టి చూడాలి. 2021లో రాష్ట్ర ప్రభుత్వం అమ్మఒడి డబ్బుకు బదులు 9 నుంచి 12 తరగతుల పిల్లలు ల్యాప్‌టాప్ కోరుకోవచ్చని చెప్పింది. చివరికి 2022 డిసెంబరులో 8వ తరగతి పిల్లలకు అందినవి బైజూస్ పాఠాలు నింపిన 8.7 అంగుళాల ట్యాబులు. ట్యాబు మీద పాఠం చూడొచ్చు, వినొచ్చు. ప్రోగ్రామ్ రాయడం, వ్యాసం రాయడం, లెక్కల పట్టిక కట్టడం దాని మీద కష్టం. 2023లో 16,499 రూపాయలకు వచ్చిన జియోబుక్ కూడా నా దృష్టిలో కీబోర్డు తగిలించిన ట్యాబే. ఫోను చిప్పు, 4 జీబీ, 64 జీబీ, సొంత జియోఓఎస్. స్కూలు పిల్లలకు పర్వాలేదు, ఇంజనీరింగ్ పిల్లలకు పనికిరాదు.

ఇంజనీరింగ్ మొదటి ఏడాది సీ, పైథాన్ ఏ యంత్రం మీదైనా నడుస్తాయి. అసలు పరీక్ష మూడో ఏడాదిలో వస్తుంది. ఆండ్రాయిడ్ స్టూడియోకు కనీసం 8 జీబీ కావాలి, అందులోనే ఫోను నమూనా నడపాలంటే 16 ఉండాలి. సివిల్, మెకానికల్ పిల్లలకు ఆటోక్యాడ్‌తో అదే అవసరం. అందుకే వీళ్ల విషయంలో నా ఎంపిక స్పష్టం: ఇవాళ 16 జీబీ కొనే దుడ్డు లేకపోతే, 8 జీబీతో పాటు ఒక ఖాళీ స్లాటు ఉన్న 7530యూ గానీ 1215యూ గానీ కొనండి. మూడో ఏడాదిలో ర్యామ్ బిళ్ల వేయించుకోవచ్చు. సీనియర్లు చెప్పారని అరవై డెబ్భై వేలు పెట్టి గేమింగ్ ల్యాప్‌టాప్ కోసం అప్పు చేయొద్దు. అది బరువు, దాని ఛార్జరు ఇంకో బరువు, హాస్టల్లో రెండు గంటలకే ప్లగ్గు వెతుక్కోవాలి.

నలభై వేలు లేనే లేవు, పాతిక వేలే ఉన్నాయి అనే ఇళ్ల సంగతేంటి? అక్కడ నేను కొత్త సెలరాన్ కన్నా పాత ఆఫీసు ల్యాప్‌టాప్ వైపే నిలబడతాను. బెంగళూరు ఎస్పీ రోడ్డులో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో కంపెనీలు వాడి తీసేసిన థింక్‌ప్యాడ్‌లు, లాటిట్యూడ్‌లు శుభ్రం చేసి అమ్ముతారు. థింక్‌ప్యాడ్ టీ480 లాంటిది సుమారు 20 వేల చుట్టుపక్కల దొరుకుతూ వచ్చింది. నాలుగు కోర్ల ఎనిమిదో తరం ఐ5, రెండు ర్యామ్ స్లాట్లు, నీళ్లు ఒలికినా తట్టుకునే కీబోర్డు. ఇక్కడ కూడా ఒక్క అంకె దగ్గరే జాగ్రత్త. దాని పక్కనే, అచ్చం అలాగే ఉండే టీ470 కొంచెం తక్కువకు ఉంటుంది. అందులో ఉన్నది ఆరో తరమో ఏడో తరమో. విండోస్ 11 అధికారికంగా ఒప్పుకునేది ఎనిమిదో తరం నుంచి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత బ్యాటరీ గంటకే పడిపోవచ్చు, కొత్త బ్యాటరీకి రెండు మూడు వేలు పక్కన పెట్టుకోవాలి. వారంటీ నెలల్లోనే ఉంటుంది. ఇవన్నీ కలిపినా ఈఎమ్ఎమ్‌సీ యంత్రం కన్నా ఇది మేలు.

రెండో రకం కూడా నిందకు అతీతం కాదు. 40 వేల ల్యాప్‌టాప్‌లలో కూడా కంపెనీలు తెర దగ్గర పిసినారితనం చూపిస్తాయి. 220, 250 నిట్స్ వెలుగుతో పగలు వసారాలో కూర్చుంటే అక్షరం కంటే మన ముఖమే ఎక్కువ కనిపిస్తుంది. పక్కనుంచి చూస్తే రంగులు మారిపోయే తెరను వదిలేసి ఐపీఎస్ తెర ఉన్నది అడగండి. వేగం ఎక్కువో తక్కువో సర్దుకోవచ్చు గానీ కళ్లు సర్దుకోలేవు.

చివరగా సర్వీసు, మన ఊళ్లకు అసలు కష్టం అక్కడే. ఒక్కో కంపెనీ వారంటీ మనిషి ఇంటికొస్తాడు, ఒక్కో కంపెనీకి మనమే మోసుకుపోవాలి. పులివెందుల నుంచి కడపకు దాదాపు 70 కిలోమీటర్లు. ఒక మీట ఊడిందని రెండుసార్లు పోయి రావడమంటే కాలేజీ పిల్లకు రెండు రోజుల చదువు పోయినట్టే. కొనకముందే కంపెనీ వెబ్‌సైట్‌లో మీ పిన్‌కోడ్ కొట్టి చూడండి: ప్రొద్దుటూరుకు 516360, జమ్మలమడుగుకు 516434, పులివెందులకు 516390. ఇంటికొచ్చే సర్వీసు మీ పిన్‌కోడ్‌కు ఉందని తెలిస్తే దానికి వెయ్యి రెండు వేలు ఎక్కువ పెట్టొచ్చు. ఆన్‌లైన్‌లో కొన్నా, ఊరి అంగట్లో కొన్నా ఇదే లెక్క. ధర వెయ్యి అటూ ఇటూ అయితే మాత్రం ఊరి అంగడికే నా ఓటు, పెట్టె విప్పి టాస్క్ మేనేజర్ చూపించడానికి ఒప్పుకుంటేనే.

బిల్లు మీద ‘రైజెన్ 5 ల్యాప్‌టాప్’ అని రాయించుకోవద్దు. పూర్తి మోడల్ నంబరు, సీరియల్ నంబరు రాయించుకోండి. ఆ సీరియల్ నంబరును అదే రోజు కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి వారంటీ మొదలైన తేదీ చూడండి. అది మీరు కొన్న తేదీ కాకపోతే, బిల్లు చూపించి అప్పుడే సరిచేయించుకోండి.